ఇసుక రేణువంత గుల్లలు పాత సముద్రాల ఆక్సిజన్ లెక్క ఎలా చెబుతాయి?

అడయార్ మొగ దగ్గర చేపలు చచ్చి తేలాయన్న వార్త చెన్నైలో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. మురుగు ఎక్కువైంది, ఇసుక మేట అడ్డుపడి పోటు నీళ్ళు లోపలికి రావడం లేదు, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయింది అని కారణాలు రాస్తారు. ఆ సాయంత్రానికల్లా అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో రెండు పక్షాలు తయారవుతాయి. "సిటీ పెరిగి సముద్రాన్ని పాడుచేసింది" అని ఒక పక్షం. "ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే, మన తాతల కాలంలో కొలిచి చూసిందెవరు?" అని ఇంకో పక్షం.

రెండో మాట ఎగతాళికి అన్నా అందులో పస ఉంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ను నమ్మకంగా కొలిచే వింక్లర్ పద్ధతి వచ్చిందే 1888లో. ఒకే తీరంలో క్రమం తప్పకుండా కొలిచిన లెక్కలు చాలా చోట్ల కొన్ని దశాబ్దాలకు మించి లేవు. అంతకు ముందు సంగతి తెలియాలంటే ఆ నీళ్ళలో బతికి, చచ్చి, అడుగు మట్టిలో మిగిలిపోయినవాటిని అడగాలి. ఎముకలు, ఆల్చిప్పలు దొరికితే మంచిదే గానీ అవి అరుదు. చెంచాడు మట్టిలో వందల కొద్దీ దొరికేవి సూక్ష్మ శిలాజాలు, అంటే కంటికి సరిగా ఆనని జీవుల గుల్లలు. అవి నిజంగానే చాలా చెబుతాయి. కాకపోతే అవి చెప్పేది ఒక్క ఆక్సిజన్ గురించే కాదు. చిక్కంతా అక్కడే వస్తుంది.

తక్కువ అంటే ఎంత తక్కువ?

30 డిగ్రీల వేడి ఉన్న సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాముల ఆక్సిజనే కరుగుతుంది. అవే నీళ్ళు 10 డిగ్రీలకు చల్లబడితే 9 దాకా కరుగుతుంది. అంటే వెచ్చని సముద్రాలకు మొదటి నుంచీ నిల్వ తక్కువే. ఆ నిల్వ లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా పడిపోతే దాన్ని హైపాక్సియా అంటారు. చేపలు ఆ చోటు వదిలి పారిపోతాయి, పారిపోలేనివి చస్తాయి. అసలు లేకుండా పోతే అనాక్సియా. సముద్ర శాస్త్రం పుస్తకాల్లో మిల్లీగ్రాముల బదులు మిల్లీలీటర్ల లెక్క కనిపిస్తుంది. ఒక మిల్లీలీటరు ఆక్సిజన్ అంటే 1.43 మిల్లీగ్రాములు. ఈ తేడా చూసుకోకుండా రెండు వార్తలను పోల్చి టెన్షన్ పడేవాళ్ళు చాలామంది.

ఆక్సిజన్ పోవడానికి దారులు రెండు. పైన పెరిగిన పాచి, వచ్చి పడిన మురుగు అడుగుకు చేరి కుళ్ళేటప్పుడు బాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. ఇక వాడిన ఆక్సిజన్ స్థానంలో కొత్తది రాకుండా నీళ్ళు పొరలుగా విడిపోవడం రెండోది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీళ్ళు బంగాళాఖాతం మీద తేలిక పొరలా పరుచుకుంటాయి. ఆ పొర కింద నీళ్ళకు గాలితో పెద్దగా సంబంధం ఉండదు.

వార్తల్లో తరచూ కలిపేసే రెండు సంగతులను ఇక్కడే విడదీయాలి. బంగాళాఖాతంలో తీరానికి దూరంగా, వందల మీటర్ల లోతున సహజంగానే ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే మందమైన పొర ఒకటుంది. అక్కడ కూడా చిటికెడు ఆక్సిజన్ మిగిలే ఉందని 2017లో వచ్చిన కొలతలు చూపించాయి. తీరం వెంబడి 200 మీటర్లకు మించి లోతు లేని సముద్రం కథ వేరు. అక్కడ ఆక్సిజన్ రుతువును బట్టి, ఒక్కోసారి వారాన్ని బట్టి మారిపోతుంది. అరేబియా సముద్రం వైపు మన పడమటి తీరపు షెల్ఫ్ (తీరాన్ని ఆనుకున్న లోతు తక్కువ అడుగు) మీద ఇలాంటి లోటు తీవ్రమవుతోందని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2000లోనే రాశారు. మొత్తం ప్రపంచ సముద్రాలు 1960 నుంచి సుమారు 2 శాతం ఆక్సిజన్ పోగొట్టుకున్నాయని 2017 నాటి ఒక అంచనా. ఈ వ్యాసంలో మనకు కావలసింది తీరం వెంబడి ఉండే ఈ లోతు తక్కువ సముద్రమే.

ట్రేలో కనిపించేది ఏమిటి?

ఈ పనికి ఎక్కువగా వాడేవి ఫొరామినిఫెరా. ముద్దుగా ఫొరామ్‌లు అంటారు. ఒకే కణం ఉన్న జీవి, చుట్టూ అది కట్టుకున్న గుల్ల. ఎక్కువ జాతులది సున్నపు గుల్ల. కొన్ని మాత్రం ఇసుక రేణువులను ఏరి తెచ్చి అతికించుకుంటాయి. సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటాయి. కొన్ని నీళ్ళలో తేలుతూ బతుకుతాయి, మరికొన్ని అడుగున మట్టి మీదో మట్టి లోపలో ఉంటాయి. అడుగు నీళ్ళలో ఆక్సిజన్ సంగతి చెప్పేవి ఈ రెండో రకం. భూమ్మీద వీటి చరిత్ర 50 కోట్ల ఏళ్ళకు పైబడింది.

గిండీలో జియాలజీ చదివే మా బంధువుల అమ్మాయి ఒకసారి చూపించింది. సముద్రం అడుగు నుంచి తెచ్చిన బంకమట్టిని నానబెట్టి, 63 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) జల్లెడలో వేసి, కొళాయి కింద సన్నటి ధారతో కడుగుతారు. బురదంతా పోయి జల్లెడలో గుప్పెడు బూడిదరంగు పొడి మిగులుతుంది. దాన్ని ఆరబెట్టి, గళ్ళు గీసిన నల్లటి ట్రేలో పలచగా చల్లి మైక్రోస్కోపు కింద పెడతారు. కంటికి ఇసుకలా కనిపించిన ఆ పొడిలో చుట్టలు చుట్టిన నత్తల్లాంటివి, జడ అల్లినట్టు పొడుగ్గా ఉన్నవి, కోడిగుడ్డు రూపంలో మెరిసేవి కనిపిస్తాయి. సన్నటి బ్రష్ కొస తడిపి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరి, జిగురు పూసిన స్లైడ్ మీద పెట్టాలి. "ఇదిగో బాబాయ్, ఇది అమ్మోనియా" అని చూపించింది. వాసన వచ్చే వాయువు కాదు, ఒక ఫొరామ్ ప్రజాతి పేరే అది. ఒక్కో నమూనాకు కనీసం మూడు వందల గుల్లలు లెక్కపెట్టాలని ఆనవాయితీ. చెన్నై ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్ళు కొనుక్కునే రోజుల్లో జల్లెడ కడగడం కూడా ఒక లెక్కే అని నవ్వింది.

ఏరిన గుల్ల సేకరించేనాటికి బతికున్నదా, ఎప్పుడో చచ్చినదా అని తేల్చడానికి రోజ్ బెంగాల్ అనే గులాబీ రంగు వాడతారు. లోపల జీవపదార్థం ఉంటే రంగు పడుతుంది. ఇక్కడే మొదటి మెలిక ఉంది. ఆక్సిజన్ లేని మట్టిలో చచ్చిన కణం త్వరగా కుళ్ళదు. అది చచ్చి చాలా రోజులైనా రంగు పట్టేస్తుంది. మనకు బాగా తెలియాల్సిన చోటే ఈ పరీక్ష ఎక్కువగా తడబడుతుంది.

రెండు పేర్లతో వేసే లెక్క

అన్నిటికన్నా తేలిక లెక్క అమెరికాలోని లూసియానా తీరం నుంచి వచ్చింది. మిసిసిపీ నది మోసుకొచ్చే ఎరువుల వల్ల అక్కడ ప్రతి ఎండాకాలం అడుగు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. బరుణ్ సేన్ గుప్తా, యూజీన్ టర్నర్, నాన్సీ రాబలే 1996లో అక్కడి మట్టిలో రెండు ప్రజాతులను పక్కపక్కన పెట్టి చూశారు. అమ్మోనియా తక్కువ ఆక్సిజన్‌ను బాగా తట్టుకుంటుంది. ఎల్ఫీడియం అంతగా తట్టుకోలేదు. అమ్మోనియా సంఖ్యను ఈ రెండింటి మొత్తంతో భాగించి వందతో గుణిస్తే వచ్చేదే అమ్మోనియా–ఎల్ఫీడియం సూచిక.

ఉదాహరణకు అడుగులోకి గొట్టం దింపి ఒక మట్టి కోర్ (నిలువు మట్టి స్తంభం) తీశామనుకుందాం. పైపొరలో అమ్మోనియా 180, ఎల్ఫీడియం 60 దొరికాయి. 180ని 240తో భాగిస్తే సూచిక 75. అర మీటరు కింది పొరలో అమ్మోనియా 90, ఎల్ఫీడియం 110. సూచిక 45. కింది పొర పాతది కాబట్టి కాలం గడిచేకొద్దీ ఆక్సిజన్ తగ్గిందని దీని అర్థం. లూసియానాలో 20వ శతాబ్దం పొడవునా సూచిక ఇలాగే పెరిగింది. పైగా తక్కువ ఆక్సిజన్‌ను అసలు ఓర్చుకోలేని క్విన్‌క్వెలోక్యులినా అనే రకం అక్కడ 1700 నుంచి 1900 దాకా పొరల్లో బాగానే కనిపించి, ఆ తర్వాత మాయమైంది. ఎరువుల వాడకం లెక్కలు, సూచిక గీత, ఈ మాయమైన జాతి మూడూ ఒకే వైపు చూపించాయి కాబట్టి ఆ వాదన నిలబడింది.

అదే లెక్క అడయార్‌లో ఎందుకు పనికిరాకపోవచ్చు?

ఇప్పుడు ఇదే సూత్రాన్ని చెన్నైకి తెచ్చి పెడదాం. అడయార్ మొగలోనో ఎన్నూరు కయ్యలోనో మట్టి తీస్తే అమ్మోనియా దండిగా దొరుకుతుంది. సూళ్ళూరుపేట, తడ పక్కనున్న పులికాట్ సరస్సులోనూ అంతే. దీన్ని బట్టి ఇవన్నీ ఊపిరాడని నీళ్ళని తేల్చేయవచ్చా?

కుదరదు. అమ్మోనియా తక్కువ ఆక్సిజన్‌నే కాదు, ఉప్పు హెచ్చుతగ్గులను కూడా మామూలుగా తీసుకుంటుంది. ఐప్పసి, కార్తీక మాసాల్లో (అక్టోబరు–డిసెంబరు) ఈశాన్య రుతుపవనం కురిస్తే ఆ మొగలు దాదాపు మంచినీళ్ళవుతాయి. మే నెలలో చూస్తే సముద్రం కన్నా ఉప్పగా మారే చోట్లుంటాయి. ఆ మార్పులను తట్టుకోలేని జాతులన్నీ తప్పుకుంటే అమ్మోనియా మిగులుతుంది. అంటే ఆక్సిజన్ నిండుగా ఉన్నా సూచిక ఎక్కువగానే రావచ్చు.

ఎల్ఫీడియం వైపు నుంచి ఇంకో చిక్కుంది. ఈ ప్రజాతిలో కొన్ని జాతులు తాము తిన్న నాచులోంచి పత్రహరిత రేణువులను దొంగిలించి, తమ కణంలో బతికించుకుంటాయి. వాటికి వెలుతురు కావాలి. నది బురద తెచ్చి నీళ్ళు మసకబారితే ఆక్సిజన్ తగ్గకుండానే ఎల్ఫీడియం తగ్గిపోవచ్చు. అప్పుడూ సూచిక పైకే వెళ్తుంది. నగరం పెరిగితే మురుగూ పెరుగుతుంది, నిర్మాణాల బురదా పెరుగుతుంది. రెండూ ఒకేసారి జరిగితే గుల్లల లెక్క ఒక్కటే పట్టుకుని దేని వల్ల ఇది జరిగిందో చెప్పలేం.

కాలం సంగతీ ఉంది. ఒక సెంటీమీటరు మట్టి పేరుకోవడానికి చోటును బట్టి కొన్నేళ్ళు పట్టవచ్చు, కొన్ని దశాబ్దాలు పట్టవచ్చు. లోపల పురుగులు, పీతలు దాన్ని కెలికి కలిపేస్తాయి. ఏడాదిలో మూడు వారాలు ఆక్సిజన్ సున్నాకు పడి, మిగతా కాలం బాగున్న చోటు, ఏడాది పొడవునా ఓ మోస్తరుగా ఉన్న చోటు, మట్టి పొరలో ఒకేలా కనిపించే అవకాశం ఉంది. చేపలకు మాత్రం ఆ మూడు వారాలే ముఖ్యం. పొరల వయసు కట్టడానికి సీసం-210 అనే రేడియోధార్మిక రూపాన్ని కొలుస్తారు. దాని సగజీవితం (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) సుమారు 22 ఏళ్ళు. కాబట్టి నూటయాభై ఏళ్ళ దాకా లెక్క కట్టవచ్చు. 1950లు, 60ల నాటి అణు పరీక్షలతో వచ్చిన సీజియం-137 దానికి తోడు సాక్ష్యం. నగరం తీరాన్ని మార్చిందా అన్న వాదనకు ఈ కాలపరిధి సరిగ్గా సరిపోతుంది. అందుకే ఉప్పు మార్పుల తాకిడి తక్కువగా ఉండే, మొగకు కాస్త బయట, కెలికింపు తక్కువ ఉన్న చోటు వెతికి కోర్ తీయడమే సగం పని అంటారు ఈ రంగంలో ఉన్నవాళ్ళు.

పేర్లు తెలియని జాతులకు రూపమే ఆధారం

వందేళ్ళ నాటి మట్టిలో నేటి జాతులే ఉంటాయి. పది కోట్ల ఏళ్ళ వెనక్కి వెళితే అవన్నీ అంతరించిపోయిన జాతులు. వాటికి ఆక్సిజన్ ఎంత కావాలో బతికుండగా చూసినవాళ్ళు లేరు. అందుకని పేరును వదిలేసి రూపాన్ని పట్టుకున్నారు. నేటి సముద్రాల్లో ఆక్సిజన్ తక్కువ ఉన్న మట్టిలో చిన్నగా, పలచటి గోడతో, పొడుగ్గానో చదునుగానో ఉండే గుల్లలు ఎక్కువ. బొలివినా అలాంటిది. ఆక్సిజన్ దండిగా ఉన్న చోట మందమైన గోడతో పెద్దగా, గుండ్రంగా ఎదిగినవి కనిపిస్తాయి. మన దేశంలో గోవా సంస్థకు చెందిన పరిశోధకులు పడమటి తీరంలో కోణాలుదేరిన, సౌష్ఠవం లేని గుల్లల గుంపును తక్కువ ఆక్సిజన్‌కు గుర్తుగా వాడారు.

జపాన్ శాస్త్రవేత్త కునియో కైహో 1994లో ఈ ఆలోచనకు అంకెలు తొడిగారు. గుల్లలను మూడు కుప్పలు చేస్తారు. ఆక్సిజన్ ఇష్టపడేవి, మధ్యరకం, బాగా తక్కువను ఓర్చుకునేవి. మొదటి కుప్పలో ఒక్కటైనా ఉంటే, దాన్ని మొదటి, మూడో కుప్పల మొత్తంతో భాగించి వందతో గుణిస్తారు. మొదటి కుప్ప ఖాళీ అయితే మిగతా రెండు కుప్పల మొత్తంలో మధ్యరకం వాటాలోంచి ఒకటి తీసేసి 50తో గుణిస్తారు. అది రుణసంఖ్య అవుతుంది.

ఒక పొరలో ఆక్సిజన్ ఇష్టపడేవి 30, ఓర్చుకునేవి 90 వచ్చాయనుకోండి. 30ని 120తో భాగిస్తే సూచిక 25. కైహో పట్టికలో సున్నా నుంచి 50 మధ్య అంటే లీటరుకు 1.5 నుంచి 3 మిల్లీలీటర్ల ఆక్సిజన్. ఇంకో పొరలో మొదటి రకం అసలు లేదు, మధ్యరకం 100, ఓర్చుకునేవి 100. మధ్యరకం వాటా సగం. దాంట్లోంచి ఒకటి తీసేస్తే మైనస్ సగం, 50తో గుణిస్తే మైనస్ 25. అంటే 0.3 నుంచి 1.5 మిల్లీలీటర్ల మధ్య.

చూడటానికి శుభ్రంగా ఉన్నా, మొదటి లెక్కను కాస్త గిల్లి చూడండి. 120 గుల్లలే లెక్కపెట్టాం కాబట్టి కేవలం యాదృచ్ఛికత వల్లనే ఆ 25 శాతం 17 నుంచి 33 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఇది గుల్లలను సరైన కుప్పలో వేశామన్న భరోసా ఉంటేనే. రెండు మసక రూపాలను ఒకరు మొదటి కుప్పలో, ఇంకొకరు రెండో కుప్పలో వేస్తే అంకె మారిపోతుంది. పత్రికల్లో "అప్పటి సముద్రంలో ఇంత ఆక్సిజన్" అని దశాంశ స్థానంతో సహా కనిపిస్తే, నేనైతే దాన్ని ఒక పట్టీగానే చదువుకుంటాను, చుక్కగా కాదు.

ఆహారమా, ఆక్సిజనా?

అసలు తగవు ఇక్కడుంది. ఫ్రాన్స్ లో పనిచేసిన ఫ్రాన్స్ యోరిసెన్, తన సహచరులతో కలిసి 1995లో ఒక నమూనా ప్రతిపాదించారు. మట్టిలోపల ఫొరామ్‌లు ఎంత లోతున బతుకుతాయన్నది రెండు విషయాలు కలిసి నిర్ణయిస్తాయని దాని సారం. ఆహారం మరీ తక్కువైతే అన్నీ పైనే ఉంటాయి, లోపల తినడానికేమీ ఉండదు. ఆహారం మరీ ఎక్కువైతే అది కుళ్ళి ఆక్సిజన్ మట్టి పైపొరలోనే అయిపోతుంది, మళ్ళీ అన్నీ పైకే రావాలి. రెండూ ఓ మోస్తరుగా ఉన్నప్పుడే లోతుగా రకరకాల జాతులు ఉంటాయి.

దీని పర్యవసానం కైహో సూచికకు ఇబ్బందికరం. మట్టిని ఆనుకుని పైనున్న నీళ్ళలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా, కింద నాలుగు సెంటీమీటర్ల లోతు మట్టిలో ఆక్సిజన్ సున్నా కావచ్చు. అక్కడ "ఓర్చుకునే" రకాలు హాయిగా ఉంటాయి. చచ్చాక రెండు అంతస్తుల గుల్లలూ ఒకే నమూనాలో పడతాయి. ఆహారం పెరిగి కింది అంతస్తు జనాభా పెరిగితే, ఆ నీళ్ళలో ఏ మార్పూ లేకున్నా సూచిక పడిపోతుంది. సూచికను సమర్థించేవాళ్ళు దీన్ని కాదనరు. ఆ అడుగు నీళ్ళలో ఆక్సిజన్ నిజంగా తక్కువైనప్పుడు మొదటి కుప్పే మాయమవుతుంది, ఆ మాయమవడాన్ని ఆహారం ఒక్కటే వివరించలేదు అని వాళ్ళ జవాబు. న్యాయంగా చూస్తే, ఆక్సిజన్ ఎక్కువున్న చోట సూచిక అంత నమ్మదగింది కాదు, బాగా తక్కువున్న చోట మెరుగ్గా పనిచేస్తుంది అన్నది మధ్యేమార్గం.

2006లో ఇంకో బాంబు పడింది. స్వీడన్ తీరపు మట్టిలోని గ్లోబోబులిమినా అనే ఫొరామ్ తన కణంలో నైట్రేట్‌ను నిల్వ చేసుకుని, ఆక్సిజన్ బదులు దాన్ని వాడి బతకగలదని తేలింది. అప్పటిదాకా ఆ పని బాక్టీరియా లాంటివే చేస్తాయనుకున్నారు. తర్వాత ఇంకా కొన్ని జాతుల్లో ఇదే కనిపించింది. అయితే "తక్కువ ఆక్సిజన్ జాతి" అని మనం పేరు పెట్టినవి నిజానికి ఆక్సిజన్ గురించి పట్టించుకోనివా? నైట్రేట్ ఎంతుందో చెప్పేవా? బొలివినా గుల్ల మీది సూక్ష్మ రంధ్రాలు ఎంత దట్టంగా ఉన్నాయన్నది నైట్రేట్‌తో ముడిపడి ఉందని పెరూ తీరపు నమూనాల్లో చూశారు. సిబిసిడాయిడిస్ లాంటి వేరే రకాల్లో రంధ్రాల వాటా ఆక్సిజన్‌తోనే కదులుతుంది. ఒకే లక్షణం, రెండు జాతుల్లో రెండు అర్థాలు.

ఆస్ట్రకాడ్‌ల దగ్గరా ఇదే గొడవ. ఇవి రెండు చిప్పల మధ్య ఉండే, కందిగింజ కన్నా చిన్న రొయ్యజాతి జీవులు. వాటిలో ప్లాటికోపిడ్‌లు అనే గుంపు నీళ్ళు వడగట్టుకుని తింటుంది. తిండి కోసం అంత నీటిని లోపలికి లాగుతాయి కాబట్టి తక్కువ ఆక్సిజన్‌లోనూ నెగ్గుకొస్తాయని, కాబట్టి అవి ఎక్కువగా దొరికిన పొర తక్కువ ఆక్సిజన్ పొర అని రాబిన్ వాట్లీ 1990లలో వాదించారు. చాలా ఏళ్ళు ఆ సూత్రాన్ని కళ్ళకద్దుకుని వాడారు. తర్వాత నేటి ప్లాటికోపిడ్‌లు ఎక్కడ బతుకుతున్నాయో చూసినవాళ్ళు, అవి ఆక్సిజన్ బాగున్న చోట్ల కూడా దండిగా ఉన్నాయని, అసలు కారణం అతి చిన్న పాచిని తినగలగడమే కావచ్చని ఎదురు చెప్పారు. ఆహారం తక్కువగా ఉన్న సముద్రానికి అవి గుర్తు కావచ్చునన్నమాట. మొదటి వివరణ ప్రకారం మురుగుపట్టిన అడుగు, రెండో వివరణ ప్రకారం ఆకలిగొన్న తేట నీళ్ళు. ఒకే గుల్ల నుంచి దాదాపు వ్యతిరేకమైన రెండు సముద్రాలు వచ్చాయి.

గుల్ల లోపలి రసాయనం

ఈ గొడవ నుంచి బయటపడటానికి ఎవరు బతికారన్నది కాకుండా, గుల్లను దేనితో కట్టుకున్నారన్నది అడగడం మొదలైంది. వీటిలో నాకు బాగా నచ్చేది అయోడిన్. ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో అయోడిన్ అయోడేట్ రూపంలో ఉంటుంది. ఆక్సిజన్ పోతే అయోడైడ్‌గా మారుతుంది. సున్నపు స్ఫటికంలోకి అయోడేట్ చొరబడగలదు, అయోడైడ్ చొరబడలేదు. కాబట్టి గుల్లలో కాల్షియంతో పోలిస్తే అయోడిన్ తక్కువగా ఉంటే అక్కడ ఆక్సిజన్ తక్కువని అర్థం. 2010లో ఈ పద్ధతి వచ్చింది. ఆహారం ఎంతున్నా ఈ లెక్క నేరుగా తప్పదు. కానీ పాతిపెట్టాక సున్నం కరిగి మళ్ళీ స్ఫటికమైతే అయోడిన్ జారిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ నిండుగా ఉన్న సముద్రం కూడా లేనట్టే కనిపిస్తుంది.

పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గుళికలు ఇంకో సాక్ష్యం. నీళ్ళలోనే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నప్పుడు పుట్టే పైరైట్ గుళికలు చిన్నగా, దాదాపు ఒకే సైజులో, సగటున 5 మైక్రాన్లుంటాయి. మట్టి లోపల పుట్టినవి పెద్దగా, రకరకాల సైజుల్లో ఉంటాయి. ఇది గుల్ల కాదు గానీ, గుల్లల మాటకు ఎదురుసాక్ష్యంగా పనికొస్తుంది.

9.4 కోట్ల ఏళ్ళ నాటి చిక్కుముడి

క్రెటేషియస్ యుగంలో, సుమారు 9.4 కోట్ల ఏళ్ళ కిందట, ప్రపంచంలో చాలా సముద్రాల అడుగున నల్లటి, కర్బనం నిండిన మట్టి పేరుకుంది. అగ్నిపర్వతాల కార్యకలాపం, వేడి, పోషకాల వరద కలిసి సముద్రాల్లో ఆక్సిజన్‌ను హరించాయని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. దీన్ని రెండో సముద్ర అనాక్సిక్ ఘటన అంటారు.

పేరు వింటే ప్రతి సముద్రమూ ఒకేసారి ఊపిరాడక పోయిందనిపిస్తుంది. సూక్ష్మ శిలాజాలు ఆ మాటను ఒప్పుకోలేదు. అప్పట్లో ఉత్తర అమెరికాను నిలువునా చీలుస్తూ ఒక లోతు తక్కువ సముద్రం ఉండేది. కొలరాడోలోని ప్యూబ్లో దగ్గర దాని పొరలు బయటపడి ఉన్నాయి. డాన్ ఐకర్, తన సహచరుడు వర్స్టెల్‌తో కలిసి 1970లో అక్కడ ఒక సంగతి గమనించారు. ఈ ఘటన మొదలయ్యే పొరల్లోనే అడుగున బతికే ఫొరామ్‌లు ఉన్నట్టుండి పెరిగాయి. అంతకు ముందు అక్కడ అవి పలచగా ఉండేవి. అట్లాంటిక్‌లో ఆక్సిజన్ పోతున్న సమయంలో, ఈ లోపలి సముద్రపు అడుగుకు కొంతకాలం కొత్త గాలి అందిందన్నమాట. సముద్రమట్టం పెరిగి దక్షిణం నుంచి వేరే నీళ్ళు లోపలికి రావడం దీనికి కారణమని చెబుతారు. నీళ్ళ పైభాగంలో తేలే ఫొరామ్‌లు మాత్రం వేరే కథ చెప్పాయి. హెటెరోహెలిక్స్ అనే చిన్న, మొండి రకం అదే కాలంలో విజృంభించింది. దాన్ని మధ్యలోతుల్లో ఆక్సిజన్ తక్కువ పొర విస్తరించడానికి గుర్తుగా చదువుతారు. ఒకే నీటి స్తంభంలో అడుగున మెరుగుదల, మధ్యలో లోటు. అనాక్సిక్ ఘటన అన్న పేరు ప్రపంచ సగటుకే వర్తిస్తుంది, ఒక్కో సముద్రానికీ కాదు.

చెన్నై వాళ్ళకు ఈ కాలం పొరలు మరీ దూరం కాదు. ఎగ్మోర్‌లో తిరుచ్చి వైపు కార్డ్ లైన్ రైలెక్కితే అరియలూరు వస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకైన సున్నపురాయి అక్కడి పాత సముద్రపుదే. 1862లో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఈ ప్రాంతాన్ని ఉత్తటూర్, ట్రిచినోపొలి, అరియలూరు పొరలుగా విడదీశారు. పెరంబలూరు జిల్లా కారై గ్రామం దగ్గర వానలు కోసేసిన ఎర్రటి, బూడిదరంగు బంకమట్టి గుట్టలున్నాయి. ఆ మట్టి 10 కోట్ల ఏళ్ళకు కాస్త ముందు నుంచి 9.4 కోట్ల ఏళ్ళను దాటి పేరుకున్నది. అందులో ఫొరామ్‌లున్నాయి. అలాంటి గుల్లలు వయసు చెప్పడానికి ఎంత పనికొస్తాయో మన రాజమండ్రి దగ్గరే రుజువైంది. అక్కడి లావా పొరల మధ్య ఇరుక్కున్న మట్టిలోని తేలే ఫొరామ్‌లను బట్టి, దక్కన్ లావా ప్రధాన దశ డైనోసార్‌ల అంతం దగ్గర ముగిసిందని 2008లో గెర్టా కెల్లర్ బృందం రాసింది.

కారైలో ఆక్సిజన్ లెక్క వేయాలంటే మాత్రం ఇంకో అడ్డంకి ఉంది. ఆక్సిజన్ లేని అడుగున పైరైట్ పుడుతుంది. కోట్ల ఏళ్ళ తర్వాత ఆ మట్టి పైకి తేలి గాలి, వాన తగిలితే పైరైట్ చెడి సల్ఫ్యూరిక్ ఆమ్లం వస్తుంది. ఆ ఆమ్లం సున్నపు గుల్లలను తినేసి జిప్సంగా మారుస్తుంది. కారై గుట్టల మీద ఎండలో మెరిసే జిప్సం చారలు నడిచినంత మేరా కనిపిస్తాయి. వాటన్నిటికీ ఇదొక్కటే కారణమని కాదు గానీ, అలాంటి మట్టిలో పలచటి గోడ ఉన్న గుల్లలు ముందు కరిగిపోతాయని మరిచిపోకూడదు. అవేమో తక్కువ ఆక్సిజన్‌కు గుర్తని మనం లెక్కలో పెట్టుకున్నవే. అవి కరిగిపోతే మందపాటివి మిగిలి, ఊపిరాడని పొర కూడా ఆక్సిజన్ నిండిన పొరలా సూచికలో కనిపిస్తుంది. ఇసుక అతికించుకున్న రకాల వాటా అసహజంగా పెరిగిందా, మిగిలిన గుల్లల అంచులు తిన్నట్టున్నాయా అని మైక్రోస్కోపు కింద ముందు చూసుకోవాలి. అలా కనిపిస్తే ఆ నమూనాను ఆక్సిజన్ లెక్కలోంచి తీసేసి, వాన తగలని లోతు నుంచి బోరు వేసి తీసిన తాజా కోర్ మీదే లెక్క మొదలుపెడతారు.